సూత్రం వచ్చు, లెక్క రాదు... ఎందుకని?

పదో తరగతి చదివే మన హాస్టల్ తమ్ముళ్లలో ఎవరినైనా నిద్రలో లేపి వర్గ సమీకరణానికి సూత్రం అడగండి. "మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూటోవర్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ" అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. "శభాష్! మరి ఆ ఫోర్ ఏసీ ఎక్కడి నుంచి వచ్చింది? కింద ఆ టూ ఏ ఎందుకుంది?" అని అడిగి చూడండి. అక్కడ ఆగిపోతారు. "సార్ చెప్పలేదన్నా", "పరీక్షలో అడగరన్నా", "గైడులో లేదన్నా" అనే మూడు జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది.

ఈ మూడు జవాబుల మీదే మా ఫిర్యాదు. ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పీజీలో ఉన్న మేము కొందరం సెలవులకు వచ్చినప్పుడల్లా స్టడీ అవర్లో తమ్ముళ్ల దగ్గర కూర్చుంటున్నాం. కూర్చున్న ప్రతిసారీ ఒకే సంగతి కనిపిస్తోంది. మన పిల్లలకు తెలివికేం తక్కువ లేదు, కష్టపడే గుణానికి అంతకంటే తక్కువ లేదు. సూత్రాన్ని ముందు చేతిలో పెట్టి, అది పుట్టిన దారిని మాత్రం ఎవరూ చూపించడం లేదు. దారి తెలియని చోట భయం పుడుతుంది. ఆ భయానికి "నాకు లెక్కలు రావు" అని పేరు పెట్టుకుంటున్నారు.

వార్షికోత్సవ సంచికలో లెక్కల వ్యాసమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఇంటర్లో ఎంపీసీ తీసుకోవాలా వద్దా, పాలిటెక్నిక్ ఎంట్రెన్సు రాయాలా వద్దా అన్నది మనవాళ్లలో చాలామంది ఇలాంటి ఒకటి రెండు పాఠాల దగ్గరే తేల్చేసుకుంటున్నారు. పదిహేనేళ్ల వయసులో తీసుకున్న ఆ నిర్ణయం తర్వాత మార్చుకోవడానికి చాలా ఖర్చవుతుంది. మన ఇళ్లలో ఆ ఖర్చు పెట్టేవాళ్లు లేరు. అందుకే ఈ ఒక్క పాఠం గురించి మాట్లాడదలచుకున్నాం.

35 చాలునా?

ముందు ఉపాధ్యాయుల వైపు నుంచి ఆలోచిద్దాం. పాస్ మార్కులు 35. క్లాసులో అందరినీ ఆ గీత దాటించాలి. జనవరి వచ్చేసరికి సిలబస్ పూర్తి చేసి రివిజను మొదలుపెట్టాలి. వెనకబడిన పిల్లలకు ముఖ్యమైన ప్రశ్నలు ఏరి ఇవ్వాలి. ఇంత ఒత్తిడిలో సూత్రం రాయించి, ఎ, బి, సి విలువలు గుర్తుపట్టించి, సూత్రంలో వేయించడం అన్నిటికంటే దగ్గర దారి. ఆ దారిలో పాసైనవాళ్లు ఉన్నారు. దాన్ని మేము తీసిపారేయడం లేదు. బట్టీ పట్టడాన్ని కూడా మొత్తంగా కాదనడం లేదు. ఎక్కాలు నోటికి రాకుండా ఎవడూ లెక్క చేయలేడు. సూత్రం కూడా చివరికి నోటికి రావలసిందే.

అయితే బట్టీలో ఒక చిక్కుంది. పరీక్ష హాల్లో గుండె దడదడలాడేటప్పుడు మొదట జారిపోయేది బట్టీ పట్టిందే. ఒక్క మైనస్ గుర్తు అటూ ఇటూ అయితే సూత్రం మొత్తం పాడవుతుంది. దారి తెలిసినవాడు వెనక్కి వెళ్లి మళ్లీ కట్టుకుంటాడు. తెలియనివాడు ఆ ప్రశ్న వదిలేస్తాడు. ఇక ఇంటర్లోకి వెళ్తే ఫిజిక్సులో పైకి విసిరిన బంతి, కెమిస్ట్రీలో సమతాస్థితి, మ్యాథ్స్‌లో వర్గ సమాసాలు, పరావలయం అన్నీ ఈ పాఠం మీదనే నిలబడతాయి. అక్కడ ఎవరూ ఆగి మళ్లీ మొదటి నుంచి చెప్పరు. 35 మార్కుల కోసం మిగుల్చుకున్న సమయాన్ని అక్కడ వడ్డీతో కట్టాలి.

మాతోపాటు ఇక్కడ చదివి, లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీ కూడా రాయకుండా హైదరాబాదుకో బెంగళూరుకో పనులకు వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. పనికి వెళ్లడం చిన్నతనం కాదు. మన ఇళ్లన్నీ ఆ కూలి మీద నిలబడినవే. కానీ వాళ్లలో కొందరు మాకంటే చురుకైనవాళ్లు. అది మాకు ఎప్పటికీ గుచ్చుకునే మాట.

91 బండల గది

ఇక లెక్కలోకి వద్దాం. తెలియని సంఖ్యను ఇంగ్లీషు పుస్తకాలు ఎక్స్ అంటాయి. మన దేశపు పాత గణితజ్ఞులు దాన్ని "యావత్తావత్" అనేవారు. ఎంతో అంత అని అర్థం. రాసేటప్పుడు "యా" అని మొదటి అక్షరం మాత్రం రాసేవారు. ఈ వ్యాసంలో మేమూ "యా" అనే రాస్తాం.

ఒక గదికి నాపబండలు పరిచారు. ఒక్కో బండ అడుగు పొడవు, అడుగు వెడల్పు. మొత్తం 91 బండలు పట్టాయి. గది పొడవు వెడల్పుకన్నా 6 అడుగులు ఎక్కువ. వెడల్పు ఎంత?

వెడల్పు యా అనుకుంటే పొడవు యా + 6. రెంటినీ గుణిస్తే 91. అంటే యా² + 6యా = 91. ఇదే వర్గ సమీకరణం. పుస్తకం ప్రకారం అన్నీ ఒక పక్కకు తెచ్చి యా² + 6యా − 91 = 0 అని రాస్తాం.

ఇప్పుడు పెన్ను పక్కన పెట్టి బండల్ని చూడండి. గదిలో ఒక చివర యా అడుగుల పొడవు, యా అడుగుల వెడల్పు ఉన్న చతురస్రం ఉంది. మిగిలింది 6 అడుగుల పట్టీ. ఆ పట్టీని నిలువుగా మధ్యకు చీల్చండి. మూడేసి అడుగుల పట్టీలు రెండవుతాయి. ఒకదాన్ని చతురస్రం పక్కన ఉన్నచోటే ఉంచి, రెండోదాన్ని తీసుకెళ్లి చతురస్రం కింద పెట్టండి. ఇప్పుడు ఒక పెద్ద చతురస్రం దాదాపు తయారైంది. ఒక్క మూల మాత్రం ఖాళీగా ఉంది. ఆ ఖాళీ ఎంత? మూడు అడుగులు ఇటు, మూడు అడుగులు అటు. 9 బండలు కావాలి. తెచ్చి పెట్టండి. 91 + 9 = 100. వంద బండల చతురస్రం అంటే భుజం 10 అడుగులు. ఆ పదిలో మనం అతికించిన పట్టీ 3 అడుగులు. తీసేస్తే యా = 7. గది వెడల్పు 7 అడుగులు, పొడవు 13 అడుగులు. 7 × 13 = 91. సరిపోయింది.

పుస్తకంలో "వర్గాన్ని పూర్తి చేయడం" అనే పద్ధతి ఇదే. వర్గం అంటే చతురస్రం. ఖాళీగా ఉన్న మూలను పూర్తి చేశాం, అంతే. "యా గుణకంలో సగం తీసుకుని దాని వర్గాన్ని ఇరువైపులా కలపవలెను" అనే వాక్యాన్ని పిల్లలు దణ్ణం పెట్టి బట్టీ పడతారు. సగం ఎందుకంటే పట్టీని రెండుగా చీల్చాం కాబట్టి. వర్గం ఎందుకంటే ఖాళీ మూల చతురస్రంగా ఉంది కాబట్టి. ఇరువైపులా ఎందుకంటే బండలు పెరిగితే లెక్క కూడా పెరగాలి కాబట్టి. ఇది అయిదు నిమిషాల పని. బండలు లేకపోతే చింతపిక్కలు చాలు. అవి మన ఊళ్లలో కరువు లేదు.

ఇదే లెక్కను కారణాంకాల పద్ధతిలోనూ చేయవచ్చు. గుణిస్తే −91, కూడితే 6 వచ్చే రెండు సంఖ్యలు 13, −7. కాబట్టి (యా + 13)(యా − 7) = 0. దొరికినప్పుడు ఇది చాలా సులువు. దొరకకపోతే? 91కి బదులు 90 చదరపు అడుగుల గది అనుకోండి. గుణిస్తే −90, కూడితే 6 వచ్చే పూర్ణ సంఖ్యలు ఎంత వెతికినా దొరకవు. మన తమ్ముళ్లు పరీక్షలో పావుగంట పోగొట్టుకునేది ఇక్కడే. చతురస్రం పద్ధతిలో ఏ ఇబ్బందీ లేదు. 90 + 9 = 99. భుజం √99, అంటే సుమారు 9.95. మూడు తీసేస్తే 6.95 అడుగులు. మేస్త్రీ టేపు పట్టుకుంటే ఆ కొలత పెట్టగలడు.

మన ఇళ్లలో అక్షరం రాని బేల్దారి మేస్త్రీలు ఉన్నారు. పునాది మూల సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక వైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు కొలిచి, ఏటవాలు 5 వచ్చిందా అని చూస్తారు. కూలి లెక్కలో, వడ్డీ లెక్కలో మన అమ్మలను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. లెక్క మన ఇళ్లకు కొత్త కాదు. కాగితం మీద రాసిన లెక్క కొత్త. రెంటికీ మధ్య వంతెన కట్టాల్సింది బడి, ఆ తర్వాత హాస్టల్.

మట్టి పలక నుంచి మార్కాపురం పలక దాకా

చతురస్రాన్ని పూర్తి చేసే ఈ ఉపాయం ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో బీఎం 13901 అనే సంఖ్యతో ఒక మట్టి పలక ఉంది. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలోని బాబిలోనియాలో సుమారు 3,700 ఏళ్ల కిందట తడి మట్టి మీద పుల్లతో గుచ్చి రాసినది. దానిలో మొదటి లెక్క ఇది: ఒక చతురస్రం వైశాల్యానికి దాని భుజాన్ని కలిపితే ముప్పావు వచ్చింది. భుజమెంత? వాళ్లు 1లో సగం తీసుకున్నారు. దాని వర్గం పావు. ముప్పావుకు పావు కలిపితే 1. దాని మూలం 1. అందులో అర తీసేస్తే అర. మనం బండలతో చేసింది అక్షరాలా ఇదే. అప్పటికి ఎ, బి, సి లేవు, సూత్రమూ లేదు.

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన ప్రాంతం మనది. ఇక్కడి రాతిని చీల్చి, చెక్క చట్రం బిగించి, దేశంలో ఎన్నో బడులకు పంపారు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. పలకకు ఒక మంచి గుణం ఉంది. తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాయవచ్చు. నోటు పుస్తకంలో కొట్టివేత కనిపిస్తుందని భయపడే పిల్లవాడు పలక మీద ధైర్యంగా ప్రయత్నిస్తాడు. లెక్క నేర్చుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి?

మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో ఇలాంటి సమీకరణాలకు నియమం ఇచ్చాడు. సుమారు 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని "అల్ జబ్ర్" అనే మాట నుంచే ఆల్జీబ్రా వచ్చింది. లోపించినదాన్ని తిరిగి సరిచేసి నిలబెట్టడం అని దాని భావం. విరిగిన ఎముకను కూర్చడానికి కూడా అదే మాట. పుత్తూరు కట్టు తెలిసిన మనకు దాన్ని వేరే వివరించక్కర్లేదు. ఆయన కూడా చతురస్రం గీసి, పట్టీలు అతికించి, ఖాళీ మూలలు పూడ్చే చూపించాడు.

ఇక "ఫోర్ ఏసీ" సంగతి. దాని గుట్టు శ్రీధరాచార్యుడి దగ్గర ఉంది. ఆయన బీజగణిత గ్రంథం దొరకలేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఆ పద్ధతిని ఆయన పేరుతో చెప్పడం వల్ల మనకు మిగిలింది. ఎ×యా² + బి×యా + సి = 0 అనేదాన్ని తీసుకోండి. సి ని అవతలికి పంపండి. ఇరువైపులా 4ఎ తో గుణించండి. ఇరువైపులా బి² కలపండి. ఎడమ పక్కన (2ఎ×యా + బి)² అని నిండు వర్గం వస్తుంది. కుడి పక్కన బి² − 4×ఎ×సి మిగులుతుంది. వర్గమూలం తీసి, బి ని అవతలికి పంపి, 2ఎ తో భాగించండి. మనవాళ్లు నిద్రలో చెప్పే సూత్రం వచ్చేసింది! ఫోర్ ఏసీ, టూ ఏ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో కనిపించింది కదా?

అంకెలతో చేస్తే ఇంకా తేలిక. 3యా² + 5యా = 2. ఇక్కడ 4ఎ అంటే 12. గుణిస్తే 36యా² + 60యా = 24. బి² అంటే 25 కలపండి. (6యా + 5)² = 49. కాబట్టి 6యా + 5 అనేది 7 కావచ్చు, −7 కావచ్చు. యా విలువ 1/3 లేదా −2. మధ్యలో భిన్నం ఒక్కటి కూడా రాలేదు చూడండి. మన పిల్లలు వర్గం పూర్తి చేయడానికి భయపడేది సగంలో సగం, దాని వర్గం అంటూ భిన్నాలు వచ్చినప్పుడే. 1,100 ఏళ్లకు పైబడిన ఈ పద్ధతి ఆ భయాన్ని తీసేస్తుంది.

"తెలుగు మీడియం వాడికి లెక్కలెక్కడ వస్తాయి" అనే మాట మేము డిగ్రీలోనూ విన్నాం, పీజీలోనూ విన్నాం. అలా అనేవాళ్లకు ఒక్క పేరు చెప్పండి. పావులూరి మల్లన. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని ఆయన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో కావ్యాలు మొదలైన కాలంలోనే లెక్కల పుస్తకం కూడా వచ్చిందన్నమాట. 2020 తర్వాత ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు వస్తున్నాయి. రెండూ చదవండి. డిస్క్రిమినెంట్ అనే మాట నోరు తిరగకపోతే ఎదుటి పేజీలో "విచక్షణి" అని ఉంటుంది. మంచీ చెడూ వేరు చేసి చెప్పేది అని ఆ మాటే చెబుతోంది.

విచక్షణి చెప్పే నిజం

40 అడుగుల తడిక ఉంది. దానితో నాలుగు మూలల మేకల దొడ్డి కట్టాలి. లోపల 96 చదరపు అడుగుల చోటు రావాలి. పొడవు, వెడల్పు కలిపితే 20. గుణిస్తే 96. సమానంగా ఉంటే చెరి 10. సమానంగా లేకపోతే ఒకటి పదికి కొంచెం ఎక్కువ, ఇంకొకటి అంతే తక్కువ. ఆ తేడాను వర్గం చేసి వందలోంచి తీస్తే 96 రావాలి. కాబట్టి వర్గం 4, తేడా 2. కొలతలు 12, 8. సగటు దగ్గర మొదలుపెట్టే ఈ దారిని 2019లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు పో షెన్ లో మళ్లీ ప్రచారంలోకి తెచ్చాడు. దీని మూలం కూడా ఆ మట్టి పలకల కాలానిదే.

ఇప్పుడు ఎవరైనా వచ్చి అదే 40 అడుగుల తడికతో, అదే నాలుగు మూలల దొడ్డిలో 110 చదరపు అడుగులు తెప్పిస్తానన్నాడనుకోండి. సమీకరణం యా² − 20యా + 110 = 0. విచక్షణి 400 − 440 = −40. రుణ సంఖ్య. దానికి వాస్తవ వర్గమూలం లేదు. రుణ సంఖ్య తన స్వభావం చేతనే వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని మహావీరాచార్యుడు అప్పుడే చెప్పాడు. (ఇంటర్లో సంకీర్ణ సంఖ్యలు వచ్చాక కథ ఇంకా ముందుకు నడుస్తుంది. కానీ ఆ సంఖ్యలతో దొడ్డి కట్టలేం.) ఆ మనిషికి అడ్వాన్సు ఇవ్వకండి! దొడ్డి గుండ్రంగా కడతానంటే మాత్రం వేరే సంగతి. అప్పుడు 127 దాకా వస్తుంది. జరగని పనిని జరగదని, తడిక నాటకముందే చెప్పగలగడం చిన్న విద్యా?

జవాబును వెనక్కి తీసుకెళ్లండి

మేము గమనించిన మరో లోటు ఇది. రెండు మూలాలు రాగానే కింద గీత కొట్టి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. రెండింటిలో ఏది నిజమో ప్రశ్నను అడగరు.

మహావీరుడి పుస్తకంలో మందల లెక్కలు ఉన్నాయి. ఆ తరహాలో మన నల్లమల అంచున ఒకటి కడదాం. మేకల మందలో సగం చెరువు కట్ట కింద మేస్తున్నాయి. మంద సంఖ్యకు వర్గమూలం ఎంతో దానికి మూడు రెట్లు కొండవాలు ఎక్కాయి. మిగిలిన 8 దొడ్లో ఉన్నాయి. మొత్తం ఎన్ని? వర్గమూలాన్ని యా అనుకుంటే మంద యా². సగానికి 3యా, 8 కలిపితే యా². సర్దుకుంటే యా² − 6యా = 16. తొమ్మిది కలిపితే (యా − 3)² = 25. యా 8 గాని, −2 గాని. ఎనిమిది అయితే మంద 64. సగం 32, కొండ మీద 24, దొడ్లో 8. సరిపోయింది. −2 అయితే మంద 4 అవుతుంది. నాలుగు మేకల మందలో ఎనిమిది దొడ్లో ఎలా ఉంటాయి? కాబట్టి అది చెల్లదు.

అలాగని రెండోదాన్ని ప్రతిసారీ కొట్టేయకూడదు. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా విసిరాం. గురుత్వ త్వరణం సుమారు 10 అనుకుంటే, బంతి 15 మీటర్ల ఎత్తులో ఎప్పుడు ఉంటుంది? కాలాన్ని యా అనుకుంటే 20యా − 5యా² = 15. సూక్ష్మీకరిస్తే యా² − 4యా + 3 = 0. జవాబులు 1, 3. రెండూ నిజమే. పైకి పోతూ ఒకసారి, కిందికి దిగుతూ ఒకసారి.

మన గది లెక్కలో వచ్చిన రెండో మూలం −13 చూడండి. వెడల్పు రుణ సంఖ్య కాదు గనుక వదిలేశాం. కానీ ఆ 13 ఎక్కడో చూసినట్టు లేదూ? గది పొడవు అదే. యా = −13 అయితే యా + 6 = −7. రెంటినీ గుణించినా 91. గుర్తు మార్చుకుని అదే గది ఇంకో వైపు నుంచి కనిపించింది. ఇలాంటివి కనిపించిన రోజున లెక్క మీద భయం పోయి ఇష్టం మొదలవుతుంది. పరీక్ష కోణంలో చూసినా, జవాబును ప్రశ్నలో వేసి చూసుకున్నవాడు తన పేపరు తానే దిద్దుకుని లేస్తాడు. ఫలితాలు వచ్చేదాకా వాడికి దిగులు ఉండదు.

మేము కోరేది

విమర్శించి ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. చేయదగిన పనులు కొన్ని ముందు పెడుతున్నాం. వీటికి జీవో అక్కర్లేదు, బడ్జెటూ అక్కర్లేదు.

ఒకటి. పదో తరగతి వాళ్లకు స్టడీ అవర్లో వారానికి ఒక గంట "ఎందుకు గంట"గా ఉంచాలి. ఆ గంటలో కొత్త లెక్కలు వద్దు. నోటికి వచ్చిన సూత్రాల్లో ఒకదాన్ని తీసుకుని, అది ఎలా వచ్చిందో పిల్లలే బోర్డు మీద కట్టాలి. వార్డెన్ గారు, ట్యూటర్లు దయచేసి దీన్ని ఆలోచించాలి.

రెండు. హాస్టల్ గోడ మీద సూత్రాలు పెయింటుతో రాయించడం మంచి అలవాటు. వర్గ సమీకరణ సూత్రం పక్కన శ్రీధరుడి నాలుగు మెట్లు కూడా రాయించండి. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు కళ్లకు అది కనబడాలి.

మూడు. నలుగురేసి పిల్లలకు ఒక జట్టు, జట్టుకు వంద చింతపిక్కలు, ఒక పలక. ముందు 91 పిక్కల లెక్క. తర్వాత ఒక జట్టు ఇంకో జట్టుకు లెక్క కట్టి ఇవ్వాలి. లెక్క చేయడం కన్నా కట్టడం కష్టం. కట్టినవాడు మరచిపోడు.

నాలుగు. ఇది పూర్వ విద్యార్థులకు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు వార్షికోత్సవానికి వచ్చి ఫ్యాన్లు, ప్లేట్లు, షీల్డులు ఇస్తున్నారు. సంతోషం, కృతజ్ఞతలు. దాంతోపాటు ఏడాదికి ఒక్క ఆదివారం ఇవ్వండి. గిద్దలూరు, కంభం, మార్కాపురంలో ఉన్నవాళ్లకు ఇది గంట రెండు గంటల ప్రయాణం. ఒక్క పాఠం, మీకు బాగా వచ్చినది, చెప్పి వెళ్లండి. లెక్కలే కానక్కర్లేదు. సెలవులకు వచ్చినప్పుడు వర్గ సమీకరణాల పాఠం మాది. ఈ మాట ఇక్కడ అచ్చులో పెడుతున్నాం కాబట్టి తప్పించుకునే వీలు మాకు లేదు.

తమ్ముళ్లకు, పక్క హాస్టల్లో చదివే చెల్లెళ్లకు చివరిగా ఒక మాట. అంబేడ్కర్ మనకు ఇచ్చిన మూడు మాటల్లో ఒకదాన్ని తెలుగులో "సమీకరించు" అని చెప్పుకుంటాం. సమీకరణం కూడా ఆ ఇంటి మాటే. రెండు పక్కలనూ సమానం చేయడం దాని పని. ఒక పక్కకు ఏది కలిపితే రెండో పక్కకూ అదే కలపాలి. ఇందులో పెద్ద ఇంటివాడికి ఒక న్యాయం, మనకు ఒక న్యాయం ఉండదు. ఊళ్లో ఎవరూ ఇవ్వని ఆ సమానత్వం లెక్క ఊరికే ఇస్తుంది. ఇంట్లో చెప్పేవాళ్లు లేరని, మన పక్క ఒక మూల ఖాళీగా ఉందని కుంగిపోవద్దు. ఆ మూలకు ఎన్ని బండలు కావాలో లెక్క కట్టండి. మొదటి పట్టీ చీల్చడానికి మేము పక్కన కూర్చుంటాం. తొమ్మిదో బండ మాత్రం మీ చేత్తోనే పెట్టాలి.